యాభై రూపాయలు తక్కువకు

బల్లార్షాలో రైలు దిగకముందే
అక్క లెక్క మొదలుపెట్టింది.
జీపుకు ఇంత, గైడుకు ఇంత, గేటుకు ఇంత,
మిగిలిందే ఒళ్ళు వాల్చడానికి.
ముప్పయ్యేళ్ళు అంగన్‌వాడీ ఆయాగా
గుడ్డు గుడ్డూ లెక్కపెట్టి పంచిన చెయ్యి.
రిటైరయ్యాక ఒకటే అడిగింది నన్ను:
ఒక్క పులిని చూపించురా.

చంద్రపూర్ బస్టాండు ఎదుట లాడ్జీలు చౌకే.
తెల్లారి నాలుగింటికి అడవి గేటు దాకా ఆటో మాత్రం
ఆ చౌకనంతా మింగేస్తుంది.
"పులికంటె ముందు ఆటోవోడు తింటడు" అంది అక్క.

మొహర్లీ రోడ్డు పొడుగునా రిసార్టులే.
మొదటిదాని గుమ్మం మీద సిమెంటు పులి,
దాని నోట్లో బల్బు.
రాత్రికి తొమ్మిది వేలు, పొద్దున టిఫిను ఉచితం.
ఉచితం అన్న మాట దగ్గర అక్క నవ్విన నవ్వుకు
కౌంటరు వెనక పిల్లాడు టై సర్దుకున్నాడు.
రెండోచోట గుడారాలు, గుడారానికో ఏసీ.
మూడోచోట మమ్మల్ని చూసి
డ్రైవర్లు పడుకునేది వెనకవైపు అన్నారు.
అటవీ శాఖ వాళ్ళ గెస్టుహౌసు
ఎవరో సాహెబు బావమరిది కోసం
ఖాళీగా నిండి ఉంది.

పంక్చర్లు వేసే ముసలాయన
నా మరాఠీని కాసేపు భరించి
గడ్డంతో ఒక సందు చూపించాడు.

తానుబాయి గెడాం ఇల్లు.
గదిలో ఒక మంచం, మూడు వడ్ల బస్తాలు,
మూలన ఎండిన ఇప్పపువ్వు.
పడుకోకముందే తల తిరిగే వాసన.
ఆమె తెలుగులో పలకరించింది!
ఖమ్మం మిర్చి చేన్లలో ఆరు సీజన్లు నేర్చిన తెలుగు.
కూలి అడిగే మాటలూ, ఒట్టు పెట్టే మాటలూ
అందులో ఎక్కువ.

"నాలుగొందలు. కూలరుంది."
"కూలర్ల నీళ్ళెవరు పోస్తరు?"
"మీరే."
"గట్లయితె మూడొందలు. బస్తాల కిరాయి మేమెందుకు కట్టాలె?"
ఎండ గోడ దిగిపోయింది.
మూడొందల యాభై దగ్గర ఇద్దరూ ఆగారు.
అలసి కాదు, ఆట రుచి చూసి.

అప్పుడు రిజిస్టరు తెచ్చింది,
కూతురి లెక్కల నోటుబుక్కు.
పేరు. ఎంతమంది. ఎక్కడి నుంచి. ఎక్కడికి.
పుణే, నాగపూర్, కోల్‌కతా, ఎవరో బెల్జియం దొర.
జిరాక్సు షాపు వాణ్ణి,
మొదటి పేజీ చూడందే ఏ పుస్తకం మీదా చెయ్యి వెయ్యను.
వెనక్కి తిప్పాను.

మొదటి వరుసలో వాళ్ళ పేర్లే.
మారోతి గెడాం, తానుబాయి,
పిల్ల ఒకతె, ఎద్దులు రెండు.
ఎక్కడి నుంచి అన్నచోట: ఆతూన్.
ఎక్కడికి అన్నచోట అడ్డగీత.

"ఆతూన్ అంటే?"
"లోపల్నించి."
గిన్నె తోముతూ చెప్పింది, తల ఎత్తకుండా.
"ఊరు ఖాళీ చేపిచ్చి ఈ ఇల్లిచ్చిన్రు.
అప్పుడే రాత నేర్చింది నా బిడ్డ, తోచింది రాసింది.
మా వాకిట్లనే ఇప్పుడు జీపులాపి చూపిస్తరట.
నేను పోలె. టికెటు ఎక్కువ."

అక్కకు ఆ టికెటు ఎంతో పైసలతో సహా తెలుసు.
చెప్పలేదు.

ఆ రాత్రి కూలరు గురక.
ఆరుబయట తల్లీకూతుళ్ళు నులక మంచాల మీద.
మా మంచం వాళ్ళదేనని
అర్ధరాత్రి దాటాక గాని తట్టలేదు నాకు.

నాలుగింటికి చాయ్ తాగి
గ్లాసు కింద యాభై నోటు పెట్టింది అక్క.
జీపు కదులుతుంటే ఫోను లైటు ఊపుకుంటూ
ఉరికొచ్చింది తానుబాయి.
"పైసలు మరిచిన్రు!"
"నీకే, ఉంచుకో."
"బేరం అయిపోయింది గదా? మాటంటె మాట.
మల్లొస్తె నాలుగొందలే, ఒక్క పైస తగ్గ."
నోటు అక్క ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

రెండు గంటలు తిరిగాం.
చుక్కల జింకలు, నెమళ్ళు, బోలెడు దుమ్ము.
ఒకచోట జీపు ఆగింది.
గడ్డి నడుమ ఒక్కటే చింతచెట్టు,
అడవిది కాదు, ఎవరో నాటింది.
పక్కన నల్లబడ్డ రాళ్ళు మూడు.
అందరి కెమెరాలూ నీళ్ళ మడుగు వైపు.
అక్క మాత్రం రాళ్ళ వైపే చూస్తూ
పిడికిట్లో ఆ యాభై నలుపుతూ
గొంతు తగ్గించకుండా అడిగింది:
"ఈడ తలాపు ఎటు దిక్కు పెట్టుకునెటోళ్ళో?"

గైడు వెనక్కి తిరిగి
పెదాల మీద వేలు పెట్టాడు.
మాట్లాడొద్దు.
పులి దగ్గర్లోనే ఉంది.